ఆఫ్రికన్ సిక్లిడ్‌లలో మగేదో ఆడేదో తెలియాలంటే ముందు జాతి తేలాలి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఒక షాపులో "ఆఫ్రికన్ మిక్స్" అంటే పన్నెండు సిక్లిడ్ చేపపిల్లలు కొన్నారు. అప్పుడు ఒకటిన్నర అంగుళం, ఇప్పుడు మూడంగుళాల దాకా పెరిగాయి. ఆరు పసుపువి. వాటిలో నాలుగింటికి వీపు రెక్క మీద నల్ల గీత ఉంది, రెండింటికి లేదు, పైగా అవి కాస్త నారింజ రంగు కొడుతున్నాయి. లేత నీలం మీద నిలువు పట్టీలున్నవి మూడు, వాటిలో ఒకటి కొన్ని వారాలుగా నీలం పోయి పసుపుకి తిరుగుతోంది. ముదురు నీలం మీద అడ్డ చారలున్నవి రెండు, కొన్ననాడు కూడా ఇదే రంగు. ఇంకొకటి పసుపు ఒంటి మీద నల్ల చారలతో వచ్చి ఇప్పుడు నల్లబడుతోంది. షాపతను "రంగు బాగా ఉన్నవి మగవి, వెలిసినట్టున్నవి ఆడవి, అడుగు రెక్క మీద చుక్కలుంటే ఇక మగదే" అన్నాడు. అడుగు రెక్క అంటే పొట్ట వెనక, తోకకి ముందు కిందకి ఉండే రెక్క. రంగు మారుతున్న చేపకి జబ్బేమోనని మీ భయం. ఏది మగ, ఏది ఆడ అన్నది మీ ప్రశ్న. ట్యాంక్ మూడడుగులది.

భయపడకండి, జబ్బు కాదు. తింటోంది, తిరుగుతోంది, పక్కవాటిని తరుముతోంది అన్నారు కదా, జబ్బు చేసిన చేప అలా ఉండదు. అది కెన్యీ అనే జాతి మగ చేప, ఈడుకొస్తోంది.

షాపతను చెప్పిన సూత్రం మాత్రం పక్కన పెట్టండి. అది కొన్ని జాతుల్లో నిజం, కొన్నింట్లో సగం నిజం, కొన్నింట్లో పూర్తిగా తలకిందులు. మీ పన్నెండూ మలావి సరస్సు రాళ్ల మధ్య బతికే 'ఎంబునా' గుంపు చేపలు. ఆ గుంపులో ఒక జాతిలో పసుపు అంటే మగ, పక్క జాతిలో అదే పసుపు అంటే ఆడ, మూడో జాతిలో రెండూ పసుపే. కాబట్టి "ఈ పసుపు చేప మగదా ఆడదా" అన్న ప్రశ్నకి జాతి పేరు లేకుండా జవాబు లేదు. ముందు జాతి తేల్చుకోవాలి, తర్వాతే రంగు చూసి ఏదైనా అనాలి. ఈ వరస తప్పినందుకే చాలామంది ఏడాది పాటు రెండు మగ చేపల్ని జంట అనుకుని, గుడ్లెందుకు పెట్టడం లేదని ఎదురుచూస్తుంటారు.

నీలివాటితో మొదలుపెడతాను, అక్కడ లెక్క తేలిక.

లేత నీలం మీద నిలువు పట్టీలున్న మీ మూడూ కెన్యీలు, శాస్త్రీయంగా మేలాండియా లొంబార్డోయి. మలావి సరస్సులో ఎంబెంజి దీవులు, ఎన్‌ఖోమో రీఫ్ వీటి సొంత చోటు. 1977లో శాస్త్రీయంగా వర్ణించారు. ఈ జాతిలో పిల్లలన్నీ నీలం, ఆడవి జీవితాంతం నీలం. మగవి మాత్రం ఎదిగేకొద్దీ పసుపుకి తిరుగుతాయి. మామూలుగా మనం ఊహించే దానికి ఇది తలకిందులు కాబట్టి షాపుల్లో కూడా తడబడతారు. మారే తీరు గమనించండి: ముందు పొట్ట వైపు, రెక్కల అంచుల్లో మురికి పసుపు కనిపిస్తుంది. ఒంటి మీద నీలం బూడిద రంగుకి దిగుతుంది. పట్టీలు నలుపు తగ్గి గోధుమ రంగులోకి వెళ్తాయి. చివరికి బంగారు పసుపు ఒంటి మీద పట్టీలు లీలగా మిగులుతాయి, అడుగు రెక్క మీద చుక్కలు స్పష్టంగా తేలతాయి. మధ్య దశలో చేప నిజంగానే రోగిష్టిలా కనబడుతుంది, మీ అనుమానంలో తప్పేమీ లేదు.

అయితే మిగిలిన రెండు నీలివి ఆడవే అని రాసిపెట్టుకోకండి. ట్యాంక్‌లో ఒక మగది పెత్తనం చేస్తుంటే, దాని కింద పడి ఉన్న రెండో మగది రంగు మార్చకుండా చాలాకాలం నీలంగానే ఉండిపోగలదు. ఆడదానిలా కనిపిస్తే దెబ్బలు తగ్గుతాయి. సౌలోసి, ఆరేటస్ అనే ఇంకో రెండు ఎంబునా జాతుల్లో కూడా ఇదే జరుగుతుంది. కాబట్టి ఎంబునాలో మగ రంగు వచ్చిందంటే మగది అనడానికి గట్టి ఆధారం, రాలేదంటే మాత్రం ఆడది అనడానికి ఆధారం కాదు. రెండూ వేరువేరు.

ముదురు నీలం మీద అడ్డంగా లేత నీలి చారలున్న రెండింటి విషయంలో అనుమానం రెండు జాతుల మధ్య: మైంగానో, జొహాని. పెద్దయ్యాక మగ జొహానికీ మైంగానోకీ తేడా చెప్పడానికి అనుభవం ఉన్నవాళ్లు కూడా తడుముకుంటారు. మీరు ఇచ్చిన ఒక్క వివరం ఇక్కడ పని తేల్చేసింది: కొన్ననాడు కూడా నీలమే. జొహాని పిల్లలు నారింజ-పసుపులో ఉంటాయి, ఆడవి అలాగే ఉండిపోతాయి, మగవి మాత్రమే ఎదిగాక నీలి-నలుపుకి మారతాయి. మైంగానో పిల్లలు మొదటి నుంచీ నీలమే. కాబట్టి ఒకటిన్నర అంగుళంలో నీలంగా ఉన్న మీ చేపలు మైంగానోలు. లికోమా దీవి దగ్గర మైంగానో అనే చోటి నుంచి వచ్చిన జాతి ఇది, ఆ చోటి పేరే వాడుకలో చేపకి స్థిరపడింది. చేప కొన్నప్పుడు ఏ సైజులో ఏ రంగులో ఉందో ఒక ఫొటో తీసి తేదీతో దాచుకోవడం ఎంత అవసరమో దీన్ని బట్టే చూడండి. పెద్ద చేపని చూసి తేల్చలేనిది చాలాసార్లు చిన్నప్పటి ఫొటో తేలుస్తుంది.

మైంగానోలో ఆడ, మగ రెండూ ఒకే వేషం. ఎదిగిన మగదాని పొట్ట కూడా వీపంత ముదురుగా ఉంటుంది, ఆడదాని పొట్ట కాస్త పలచటి నీలం. పక్కపక్కన రెండు లింగాలూ ఉంటేనే ఈ తేడా కంటికి ఆనుతుంది. మీవి రెండూ ఒకే లింగమైతే పోల్చడానికి ఏమీ ఉండదు. దీనికి వెంటింగ్, అంటే చేప కింద ఉన్న రంధ్రాలు (వెంట్) చూసి తేల్చడం ఒక్కటే మార్గం, దాని గురించి కింద చెప్తాను.

ఒకవేళ ఎవరైనా మీ నీలివాటిని చూసి 'డెమసోని' అంటే ఒప్పుకోకండి. డెమసోని టాంజానియా తీరంలోని పొంబో రాళ్ల దగ్గరి చేప, 1994లో శాస్త్రీయంగా వర్ణించారు. దాదాపు నల్లగా కనిపించే ముదురు నీలి నిలువు పట్టీలు, ఆ పట్టీల మధ్య మెరిసే లేత నీలం, చిన్నప్పటి నుంచీ అదే ఎదురెదురు రంగుల తీరు. కెన్యీ పిల్లలో నీలం ఎప్పుడూ పాలు కలిపినట్టు పలచగా ఉంటుంది. పట్టీలు నిలువా, అడ్డమా అన్నది మొదట చూడాల్సిన విషయం, నీలం ముదురా లేతా అన్నది రెండోది. ఈ రెండు చూపులతో సగం గందరగోళం పోతుంది.

పసుపు మీద నల్ల చారలతో వచ్చి నల్లబడుతున్నది మెలనోక్రోమిస్ ఆరేటస్. ఆరేటస్ పిల్లలు, ఆడవి బంగారు పసుపు మీద తెల్ల అంచున్న నల్లటి అడ్డ చారలతో ఉంటాయి. మగది ఎదిగాక ఒళ్లంతా ముదురు గోధుమ-నలుపుకి తిరిగి, చారలు లేత రంగులోకి మారతాయి. ఫొటో నెగటివ్ చూసినట్టే ఉంటుంది. మీది మగదే అయ్యుండొచ్చు. కానీ ఒక్కటే ఉంది కాబట్టి ఖాయం చేయను: మగది లేని చోట పెత్తనం చేసే ఆడ ఆరేటస్ కూడా నల్లబడుతుంది. దీన్ని కూడా వెంట్ చూసి తేల్చుకోండి. ఏదైనా సరే, ఇది మహా కోపిష్టి జాతి.

ఇక అసలు చిక్కు పసుపువి.

నల్ల గీత ఉన్న నాలుగూ యెల్లో ల్యాబ్‌లు అనుకుంటున్నాను, లాబిడోక్రోమిస్ సీరూలియస్. శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రయర్ 1956లో ఈ జాతిని వర్ణించినప్పుడు ఆయన చూసినవి ఎన్‌ఖాటా బే దగ్గరి తెల్లటి, నీలి ఛాయ గల చేపలు. మనం అక్వేరియంలో చూసే నిమ్మపసుపు రకం అదే పడమటి తీరంలో ఇంకాస్త ఉత్తరాన, చారో నుంచి ఎంబోవే దాకా కొద్ది మేర మాత్రమే దొరికేది. ప్రపంచమంతా ఉన్న యెల్లో ల్యాబ్‌లు ఆ చిన్న తీరం ముక్క నుంచి వచ్చిన వంశాలే. పసుపు రంగు ఈ జాతికి గుర్తే గాని, మగ గుర్తు కాదు. ఆడ, మగ రెండూ పసుపే.

యెల్లో ల్యాబ్‌ని గుర్తుపట్టడానికి రంగు కన్నా ముందు మూతి చూడండి. ట్యాంక్ పక్కన కూర్చుని, చేప అడ్డంగా తిరిగినప్పుడు నుదుటి నుంచి పెదవి దాకా గీత ఎలా దిగుతోందో గమనించండి. ల్యాబ్‌ది సన్నటి మూతి, చిన్న నోరు, ఒళ్లు కాస్త పొడవుగా ఉంటుంది. రాళ్ల సందుల్లోంచి చిన్న చిన్న పురుగుల్ని ఏరుకు తినే చేప కదా, నోరు పట్టకారులా పనిచేయాలి. అదే రెడ్ జీబ్రా, కెన్యీ లాంటి మేలాండియా జాతుల నుదురు గుండ్రంగా నిటారుగా దిగుతుంది, నోరు వెడల్పు, పెదవులు మందం. రాతికి పట్టిన నాచుని గీకి తినడానికి అలాంటి నోరు కావాలి. రంగు ఒత్తిడితో, తిండితో, లైటుతో మారుతుంది. మూతి మారదు.

తర్వాత వీపు రెక్క. మంచి ల్యాబ్‌కి ఆ నల్ల గీత రెక్క మొదటి నుంచి చివరి దాకా తెగకుండా, గీసినట్టు ఉంటుంది. ఎదిగేకొద్దీ పొట్ట కింద జంట రెక్కలు, అడుగు రెక్క కూడా నల్లబడతాయి. పెత్తనం చేసే మగదానిలో ఈ నలుపు మరీ చిక్కగా ఉంటుంది, మొహం మీద, గడ్డం కింద మసి పూసినట్టు కూడా వస్తుంది. ఆడదానిలో నలుపు ఉన్నా పలచన. కానీ ఇక్కడ కూడా పెత్తనం చేసే ఆడది, అణిగి ఉన్న మగదాని కన్నా నల్లగా కనిపించగలదు. అందుకే ల్యాబ్‌లలో మగ, ఆడ చెప్పడం కష్టం అంటారు. నాలుగు ల్యాబ్‌లలో అన్నిటికన్నా పెద్దగా, నల్లటి రెక్కలతో, ఒక రాయి దగ్గరే ఉండి మిగతా ల్యాబ్‌లని తరిమేది ఉంటే అది మగదని అనుకోవచ్చు. అనుకోవడం వరకే.

నల్ల గీత లేని ఆ రెండు నారింజ చేపలు నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నాయి. అవి నాలుగింట్లో ఏదైనా కావచ్చు.

ఒకటి, రెడ్ జీబ్రా, మేలాండియా ఎస్తెరే. మొజాంబిక్ వైపు తీరంలోని మీనోస్ రీఫ్ చేప. సరస్సులో దీని మగవి లేత నీలం, ఆడవి నారింజ లేదా మచ్చలవి. అక్వేరియం వంశాల్లో మాత్రం మగవి కూడా ఎర్ర-నారింజగా ఉండేలా ఏరి పెంచారు, షాపుల్లో ఎక్కువ అవే. కాబట్టి నారింజ జీబ్రా కనిపిస్తే "సరస్సులో అయితే ఆడది" అన్న పాత మాట మన ట్యాంక్‌లకి వర్తించదు. ఆ మచ్చల చేపల గురించి ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పాలి. నారింజ మీద నల్ల మచ్చలు చిమ్మినట్టుండే ఆ రకాన్ని 'ఓబీ' అంటారు. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, ఆ మచ్చలకి కారణమైన జన్యువు ఆడలింగాన్ని నిర్ణయించే భాగానికి పక్కనే అంటిపెట్టుకుని ఉందని చూపించింది. సరస్సులో మచ్చల చేపలు దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణం అదే. సంకరాలు చేసిన అక్వేరియం వంశాల్లో ఆ ముడి చాలాచోట్ల తెగిపోయింది. అందుకే పీకాక్ అనే ఇంకో మలావి సిక్లిడ్ గుంపుతో కలిపి 'ఓబీ పీకాక్' పేరుతో అమ్మే మనుషులు తయారుచేసిన చేపల్లో మచ్చల మగవి మామూలే.

రెండు, సౌలోసి. ఇందులో పిల్లలు, ఆడవి పసుపు-నారింజ. మగవి నీలం మీద నల్ల నిలువు పట్టీలు, అంటే కెన్యీకి సరిగ్గా ఎదురు. పొట్టి ఒళ్లు, గుండ్రటి మొహం, పెద్దయినా మూడు, మూడున్నర అంగుళాలే. మూడంగుళాల దగ్గర పసుపుగా ఉన్న సౌలోసి ఆడది కావడానికే ఎక్కువ అవకాశం. మూడు, ఆడ జొహాని. దీన్ని ఒంటి పొడవుతో పట్టుకోవచ్చు, సౌలోసి కన్నా సన్నగా, సాగినట్టు ఉంటుంది.

నాలుగు, యెల్లో ల్యాబ్‌కీ రెడ్ జీబ్రాకీ పుట్టిన సంకరం. మన షాపుల్లో యెల్లో ల్యాబ్ పేరుతో వచ్చే చేపల్లో ఇవి చాలా కలుస్తుంటాయి. మీ వివరణ చదివితే నాకు ముందు తోచింది ఇదే. గుర్తులు ఇవీ: నిమ్మపసుపు కాకుండా మొహం వైపు నారింజ దిగడం, వీపు రెక్క నలుపు లేకపోవడం లేదా తెగి తెగి మరకలా ఉండటం, చేప కోపంలో ఉన్నప్పుడు ఒంటి మీద లీలగా నిలువు పట్టీలు తేలడం, మూతి ల్యాబ్‌లా సన్నగానూ కాక జీబ్రాలా గుండ్రంగానూ కాక మధ్యస్తంగా ఉండటం. వీటిలో ఒక్కటి ఉంటే తొందరపడకండి. బెదిరిన ల్యాబ్ కూడా నలుపు పోగొట్టుకుంటుంది. మూడు, నాలుగు గుర్తులు ఒకే చేపలో, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తే సంకరమే. అయితే సంకరాన్ని మళ్లీ ల్యాబ్‌తో కలిపితే పుట్టిన పిల్లలు చూపుకి అచ్చం ల్యాబ్‌లా ఉండొచ్చు. చూసి 'సంకరం' అని చెప్పగలం గాని, చూసి 'స్వచ్ఛం' అని ఎవరూ హామీ ఇవ్వలేరు. దానికి వంశం తెలిసిన చోట కొనడమే దారి.

ఇంత సులభంగా ఎందుకు కలిసిపోతాయి? మలావి సిక్లిడ్‌లు వందల జాతులు. పరిణామంలో చాలా దగ్గరి కాలంలో విడిపోయినవి. సరస్సులో వీటిని వేరుగా ఉంచుతున్నది పెద్ద మేర శరీరంలోని అడ్డంకి కాదు, ఆడ చేప ఎంపిక. తన జాతి మగదాని రంగు చూసి ఎంచుకుంటుంది. విక్టోరియా సరస్సు సిక్లిడ్‌ల మీద శాస్త్రవేత్త ఓలే సీహౌజెన్, ఆయన సహచరులు 1997లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది: కాలుష్యంతో నీళ్లు మసకబారిన చోట ఆడ చేపలకి రంగులు కనబడక జాతుల మధ్య గీత చెరిగిపోతోంది. మన ట్యాంక్‌లో నీళ్లు తేటగానే ఉన్నా ఎంపికకి చోటు లేదు. తన జాతి మగది లేకపోతే ఆడది పక్క జాతి మగదాన్ని ఒప్పుకుంటుంది, పిల్లలు పుడతాయి, ఆ పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టగలవి కూడా. మీ ట్యాంక్‌లో ఇప్పుడు కెన్యీ మగది ఈడుకొచ్చింది. ల్యాబ్ ఆడదాని నోట్లో గుడ్లు కనిపిస్తే అవి ల్యాబ్ పిల్లలే అనుకోకండి.

లైటు గురించి కూడా ఒక మాట. చాలా ట్యాంక్‌ల మీద నీలి ఎల్ఈడీ పెడుతున్నారు. దాని కింద నారింజకీ పసుపుకీ తేడా పోతుంది, నలుపు లేనిచోట నలుపు కనబడుతుంది. చేపని గుర్తుపట్టే రోజున తెల్ల లైటు వేసి, అది అలవాటు పడేదాకా ఆగి అప్పుడు చూడండి. ఫోన్లో ఫిల్టర్లు తీసేయండి.

ఇప్పుడు అడుగు రెక్క మీద చుక్కల సంగతి.  ఎంబునా ఆడది గుడ్డు పెట్టగానే వెనక్కి తిరిగి నోట్లోకి తీసుకుంటుంది. మగది తన అడుగు రెక్క పరిచి వణికిస్తుంది, గుడ్ల సైజులో ఉన్న ఆ పసుపు చుక్కల్ని ఆడది నోటితో అందుకోబోయే సమయానికి మగది విడిచిన వీర్యం దాని నోట్లోకి వెళ్లి గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. ఆ చుక్కలు గుడ్లని అనుకరిస్తున్నాయని జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో ప్రతిపాదించాడు. కాబట్టి మగవాటిలో చుక్కలు పెద్దవిగా, అంచు తేలి, మెరుస్తూ ఉండటం సహజమే. కానీ ఆడవాటికి చుక్కలు ఉండవన్నది నిజం కాదు. చాలా ఎంబునా ఆడవాటికి ఒకటో రెండో ఉంటాయి, కొన్నింటికి బాగానే ఉంటాయి. యెల్లో ల్యాబ్‌లో అయితే మగదానికి కూడా చెప్పుకోదగ్గ చుక్కలు లేకపోవచ్చు. ఒకే జాతి, ఒకే సైజు చేపల్ని పోల్చేటప్పుడు ఇది సాయపడే గుర్తు, దానికి మించి కాదు.

నమ్మదగిన పద్ధతి వెంటింగ్. చేప కింద భాగంలో ఉన్న రెండు రంధ్రాల్ని చూసి చెప్పడం. మూడంగుళాలు వచ్చాయి కాబట్టి మీ చేపలకి ఇది సరైన సమయం, ఇంతకన్నా చిన్నవాటిలో చూసినా తేలదు. ఆ రోజు మేత వేయకండి. రాళ్లన్నీ తీసి, లైటు తగ్గించి వల వేస్తే తొందరగా దొరుకుతాయి, వెంటాడి అలసిపోయేలా చేయకండి. నోరు ఉబ్బి, మేత తినకుండా ఉన్న చేప ఏదైనా ఉంటే దాన్ని అసలు పట్టకండి, గుడ్లు ఉమ్మేస్తుంది. చేయి ట్యాంక్ నీళ్లతోనే తడుపుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోతుంది. చేపని వెల్లకిలా తిప్పి, తల అరచేతి వైపు ఉండేలా మెల్లగా పట్టుకోండి. వెల్లకిలా ఉన్నప్పుడు చాలావరకు కదలకుండా ఉంటుంది. ఇంట్లో ఇంకొకరిని ఫోన్‌తో దగ్గరగా నాలుగైదు ఫొటోలు తీయమనండి. పది పదిహేను సెకన్లలో పని అయిపోవాలి, తేలకపోతే నీళ్లలో వదిలి కాసేపాగి మళ్లీ చూడండి.

ఫొటో పెద్దది చేసి చూస్తే పొట్ట వైపు నుంచి తోక వైపు వెళ్తుంటే ముందు వచ్చేది మలద్వారం. దాని వెనక, అడుగు రెక్క మొదలయ్యే చోటికి దగ్గరగా ఉన్నది రెండోది, జననరంధ్రం. మగదానిలో రెండూ దాదాపు ఒకే సైజు, రెండోది ఇంకాస్త చిన్నది కూడా కావచ్చు. ఆడదానిలో రెండోది మొదటిదాని కన్నా స్పష్టంగా పెద్దది, అడ్డంగా వెడల్పైన ఆకారంలో ఉంటుంది. గుడ్లు బయటికి రావాలి కదా. మొదటి చేపని చూడగానే తీర్పు చెప్పకండి. ఒక్కదాన్ని చూస్తే పెద్దదేదో చిన్నదేదో అర్థం కాదు. నాలుగు ల్యాబ్‌ల ఫొటోలూ వరసగా పెట్టుకుని చూస్తే రెండు రకాలుగా విడిపోతాయి, అప్పుడు తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఏ ఫొటో ఏ చేపదో తెలిసేలా చూసుకోండి, ఒక్కొక్కదాన్ని చూశాక వేరే బకెట్‌లోకి వేసి చివర్లో అన్నీ కలిపి వదలండి.

చేయి పెట్టకుండా తేలే సాక్ష్యం కూడా ఒకటుంది, అదే అన్నిటికన్నా గట్టిది: నోట్లో గుడ్లు. గడ్డం కింద సంచీలా ఉబ్బి, దవడలు నమిలినట్టు కదుపుతూ, మేత వేసినా వెనక్కి తగ్గే చేప ఆడది. సుమారు మూడు వారాలు అలా ఉంటుంది. మగది రాయి పక్కన గుంట తవ్వడం, ఒళ్లు వణికించడం, వేరే చేప చుట్టూ తిరుగుతూ రెక్క పరచడం చూసి మగదని ఊహించొచ్చు గాని, అణిచేసే ఆడవి కూడా అప్పుడప్పుడు వణికిస్తాయి. గుడ్లు మోసే నోరు మాత్రం అబద్ధం చెప్పదు.

అసలు ఎంబునా కాని సిక్లిడ్‌లు పెంచేవాళ్లు ఇది చదువుతుంటే, పై గుర్తులన్నీ యథాతథంగా వాడకండి. కన్విక్ట్‌లో పొట్ట మీద నారింజ మెరుపు ఉన్నది ఆడది, రంగు ఎక్కువున్నది ఆడదే. రామిరేజిలో పొట్ట మీద గులాబీ రంగున్నది ఆడది. ఏంజెల్ ఫిష్‌లో పైకి తేడా తెలియదు, గుడ్లు పెట్టే ముందు కిందకి దిగే గొట్టం మగదానిలో సన్నగా మొనదేలి, ఆడదానిలో వెడల్పుగా మొద్దుగా ఉంటుంది. మన దేశపు సొంత సిక్లిడ్, కేరళవాళ్లు కరిమీన్ అనేది, మన పులికాట్‌లోనూ ఉంది, అందులోనూ ఆడ మగ బయటికి ఒకేలా ఉంటాయి. ఇక పీకాక్‌లు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక: వాటిలో ఆడవి, పిల్లలు సహజంగా బూడిద-గోధుమ రంగువి. రెండంగుళాల పిల్లలన్నీ ఒక్కటి తప్పకుండా పూర్తి రంగుల్లో మెరుస్తున్నాయంటే హార్మోన్ పెట్టిన మేత అనుమానించండి. కొన్నాళ్లకి ఆ రంగు దిగిపోతుంది, వాటిలో ఆడవి కూడా ఉండొచ్చు, గుడ్లకి పనికిరాకపోనూ వచ్చు.

మీ ట్యాంక్ విషయానికి తిరిగి వస్తే, మూడడుగుల్లో కెన్యీ, ఆరేటస్ పెద్దవయ్యాక ల్యాబ్‌లని బతకనివ్వవు. ఆ నాలుగు చేపల్నీ ఇప్పుడే షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా ఐదారడుగుల ట్యాంక్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. ల్యాబ్‌లు ఉంచుకుని, వెంటింగ్‌లో ఒక మగది తేలితే దానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా చూడండి. మైంగానోలు రెండూ మగవని తేలితే ఒకటి ఇచ్చేయక తప్పదు. చేపల్ని తీశాక ఒక నెల ఆగి మళ్లీ అందరినీ చూడండి, పెత్తనం చేసేది పోగానే ఇన్నాళ్లూ అణిగి ఉన్న మగవి రంగు బయటపెడతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతున్నాను. ఈ ట్యాంక్‌లో పుట్టిన పిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు 'యెల్లో ల్యాబ్' అని పేరు పెట్టి ఇవ్వకండి, 'మలావి మిక్స్' అని చెప్పి ఇవ్వండి. సౌలోసి లాంటి జాతి సరస్సులో తైవాన్ రీఫ్ అనే ఒకే చోట ఉండేది, అక్వేరియం వ్యాపారం కోసం విపరీతంగా పట్టడంతో అక్కడ బాగా తగ్గిపోయింది. అలాంటి జాతులకి పెంపకందారుల దగ్గరున్న స్వచ్ఛమైన వంశాలు నిజంగా విలువైనవి. తప్పు పేరుతో ఒక్క సంకరం వాటిలో కలిస్తే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఆ రెండు నారింజ చేపల ఫొటోలు ఇక్కడ పెట్టండి. తెల్ల లైటులో అడ్డంగా నిలబడి వీపు రెక్క విప్పినప్పుడు ఒకటి, మొహం మాత్రమే దగ్గరగా ఒకటి, వెంట్ ఒకటి. రెండింటికీ విడివిడిగా, సైజు రాసి పెట్టండి. పక్కన ఒక నల్ల గీత ల్యాబ్ ఫొటో కూడా అదే లైటులో ఉంటే పోల్చడానికి వీలవుతుంది, చూసి చెప్తాను.